ఐసు ఫ్యాక్టరీలో దాచిన అలుపు

బుచ్చిరెడ్డిపాలెంలో రైసు మిల్లులు గొంతు సవరించుకోకముందే సామ్రాజ్యం సగం పని ముగించేస్తుంది. వాకిలి చిమ్ముతుంది, కుళాయి నీళ్లు పడుతుంది, మొగుడు ఆండ్రూకి కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెడుతుంది. బిగించిన మూత తిప్పడం ఆయనకి కష్టం కాబట్టి వదులుగా పెడుతుంది. వదులుగా పెట్టడం వల్ల కాఫీ చల్లారుతుంది. చల్లారిందని ఆయన సణుగుతాడు. ఆ సణుగుడు వినడానికి ఆమె ఇంట్లో ఉండదు. అప్పటికే ఆడపిల్లల హాస్టల్లో పెద్ద డేగిశాలో ఉప్మా కలుపుతూ ఉంటుంది.

హాస్టల్లో టిఫిను అయ్యాక ఇంటికొచ్చి ఇంటి వంట. మళ్లీ హాస్టలుకి పోయి మధ్యాహ్నం వంట. సాయంత్రం చర్చిలో కుర్చీలు తుడిచి, బల్ల మీద గుడ్డ మార్చి, ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉంటే వాళ్లింటికి పోయి టీ కాయడం. పండగొస్తే చర్చిలో పెట్టే ప్రేమ విందుకి గాడిపొయ్యి తవ్వే కాడి నుంచి గిన్నెలు బోర్లించే దాకా ఆమే. నెల్లూరులో ఉండే కొడుకూ కోడలూ ఆదివారం ఆదివారం మాసిన బట్టల మూట తెస్తారు. వాళ్లింట్లో వాషింగ్ మిషను ఉంది. ఉన్నా తెస్తారు. మిషను అప్పుడప్పుడూ చెడిపోతుంది గదా, అమ్మ చెడిపోదు.

ఇంత పని చేస్తే ఎవరికైనా నడుం పట్టేస్తుంది. సామ్రాజ్యానికి పట్టదు. ఆమె అలుపు ఆమె దగ్గర లేదు. అది సముద్రం ఒడ్డున ఆమె పుట్టిన ఊరు జువ్వలదిన్నెలో ఉంది, అల్లావుద్దీన్ గారి బొమ్మల మ్యూజియంలో.

అల్లావుద్దీన్ గారంటే ఇప్పుడు చెన్నైలో, ఢిల్లీలో బొమ్మలు తెలిసిన వాళ్లు లేచి నిలబడతారట. జువ్వలదిన్నెలో మాత్రం ఆయన పడవల మీద పేర్లు రాసే మనిషిగానే మొదలయ్యాడు. పేరు రాస్తూ రాస్తూ, పడవ నీడన కూలబడిన వాళ్లని చూసి మనుషుల బొమ్మల్లోకి దిగాడు. ఆ బొమ్మలు ఫోటోల్లాగా ఉండవు. మొహం నీలంగా ఉంటుంది, కళ్లు ఉండవు, చేతులు తెడ్లంత, పాదాలు పీటలంత. అయినా ఎవరి బొమ్మో ఊరంతా దూరం నుంచే చెప్పేస్తారు. ఆయన పద్ధతి ఏమిటంటే, మనిషిని ఎదురుగా నిలబెట్టి, కుంచె చేతికి తీసుకుని, పొద్దున లేచిన కాడి నుంచి ఏం జేసినావో చెప్పమని అడిగేవాడు. వాళ్లు ఒక్కో పనీ చెప్తుంటే ఒక్కో గీత వేసేవాడు. చెప్పడం అయ్యేసరికి బొమ్మ పూర్తయ్యేది, వాళ్ల అలుపంతా బొమ్మలోకి దిగిపోయేది. అది మొదలు వాళ్లకి అలుపు రాదు. వచ్చినా నేరుగా బొమ్మలోకే పోతుంది. ఊళ్లో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఫలానా ఆయన సైకిలు షాపులో ఉండాది అన్నట్టే, ఫలానా ఆమె అలుపు బొమ్మలో ఉండాది అనుకునేవాళ్లు.

సామ్రాజ్యం అప్పట్లో ఉప్పు చేపలు ఎండబెట్టే చోట పని చేసేది. వయసులో ఉన్న పిల్ల. ఆయన అడిగాడు, ఆమె చెప్పింది, ఆయన గీశాడు. ఆమె గాల్లో తేలినట్టు ఇంటికి పోయి, ఆ పూటే ఇల్లంతా అలికింది. పెళ్లి చూపులకి వచ్చినప్పుడు మధ్యవర్తి ఆ సంగతే గట్టిగా చెప్పాడు. పిల్ల నలుపే గానీ అలుపు లేదన్నాడు. ఆండ్రూ వాళ్లమ్మ మారు మాట్లాడకుండా ఒప్పేసుకుంది.

అట్లా ఇన్నేళ్లు గడిచాయి. చర్చిలో ప్రతి ఏడూ కృతజ్ఞత కూడికలో పాస్టరు గారు ఆమె పేరు ఎత్తి, ఇటువంటి బలం మాకందరికీ దయచేయమని ప్రార్థన చేస్తాడు. అందరూ ఆమేన్ అంటారు. అన్నాక టీకి ఆమె వైపు చూస్తారు.

మరి ఇంత చక్కగా సాగుతున్న దాంట్లో చిక్కెక్కడ వచ్చిందంటే, మడమలో. ఎడమ మడమ కింద పుండు లేచింది. సామ్రాజ్యానికి షుగరు ఉందని అప్పుడే తెలిసింది. నెల్లూరులో డాక్టరు పుండు కడిగి, కట్టు కట్టి, ఒకటే మాట చెప్పాడు. కాలు నేల మీద పెట్టకూడదు. పుండు మానే దాకా మంచం మీదే ఉండాలి. లేదంటే చీలమండ దాకా తీసేయాల్సి వస్తుంది.

సామ్రాజ్యం భయపడింది. భయపడి ఇంటికొచ్చి బుద్ధిగా పడుకుంది. కానీ అలుపు లేని ఒళ్లు మంచం మీద ఎట్లా ఆగుతుంది? బెండు నీళ్లలో ఎంతసేపు మునిగి ఉంటుంది? కళ్లు మూసుకుని పడుకున్న మనిషి కళ్లు తెరిచేసరికి హాస్టల్లో పొయ్యి ముందు నిలబడి ఉండేది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. కట్టు నిండా మట్టి. హాస్టల్ వార్డెను అబిగయీలు మేడం, పాపం ఆమె చెడ్డది కాదు, కాలు చూసి అయ్యో అనేది. అని, ఎటూ వచ్చావు గదా, ఆ చారు కూడా పెట్టేసిపో అనేది. ఆండ్రూ మంచానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆయనకి కునుకు పట్టింది. ఆమె కుర్చీ మీదుగా దాటిపోయింది.

రెండోసారి చూసినప్పుడు డాక్టరు మొహం మారింది. వచ్చే నెలలో చూసి తేల్చేద్దాం అన్నాడు. ఏం తేల్చేద్దామన్నాడో అడగనక్కర్లేదు.

అదే వారంలో పుట్టింటి నుంచి కబురొచ్చింది. రెబెక్కమ్మ పోయింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే రెబెక్కమ్మ. ఆమె బొమ్మ కూడా అల్లావుద్దీన్ గారు గీసిందే. కావలి బస్టాండు కాడ గంప దించకుండా, నిలబడిన మనిషి నిలబడినట్టే పోయిందట. ఆమె పోయిన సంగతి తెలియక, ఎదురుగా ఉన్నామె ఇంకాస్త తగ్గించమని అడుగుతూనే ఉందట.

సామ్రాజ్యం ఆ మాట వినేసరికి చేతిలో బియ్యం చేట ఉంది. దాన్ని కింద పెట్టి మొగుడితో చెప్పింది.

"నేను బోయి నా అలుపు తెచ్చుకుంటా. నువ్వూ రా."

శనివారం పొద్దున బయల్దేరారు. బుచ్చి నుంచి నెల్లూరు, నెల్లూరు నుంచి బిట్రగుంట, అక్కడి నుంచి షేర్ ఆటో. నెల్లూరు బస్సులో ఒకే సీటు దొరికింది. అలవాటు ప్రకారం ఆండ్రూ కూర్చున్నాడు, అలవాటు ప్రకారం ఆమె నిలబడింది. కట్టు కట్టిన కాలితో అంతదూరం నిలబడిన ఆమెని చూసి కండక్టరు ఏదో అనబోతే, ఆండ్రూ ఆమెకి అలుపుండదులే అని సర్దిచెప్పాడు. ఆయనకి నిజంగానే నడుం నొప్పి. మిల్లులో కాటా దగ్గర పనిచేసి తెచ్చుకున్న నొప్పి అది. పనైతే ఎప్పుడో మానేశాడు, నొప్పి మాత్రం మానలేదు. దారి పొడుగునా ఎండ గురించీ, బస్సు గురించీ, బొమ్మలు చూడ్డానికి ఇంతదూరం పోయే జనం గురించీ సణుగుతూనే ఉన్నాడు. ఆమె సంచిలో పులిహోర, పెరుగన్నం, ఆయన మాత్రలు, మంచినీళ్లు అన్నీ ఉన్నాయి.

మ్యూజియం ఇప్పుడుండేది పాత ఐసు ఫ్యాక్టరీలో. హార్బరు వైపు కొత్తది కట్టుకున్నాక ఇది ఖాళీ పడితే, అల్లావుద్దీన్ గారి బొమ్మలు పెట్టడానికి ఇచ్చారు. మిషన్లు తీసేసి ఎన్నో ఏళ్లయినా గోడల్లో చలి ఇంకా మిగిలే ఉంది. నెత్తి మాడే ఎండలోంచి లోపలికి అడుగుపెడితే వీపు మీద తడిగుడ్డ వేసినట్టుంటుంది. ఆ చలికి తోడు, గోడల నిండా అంత మంది అలుపు ఉంది గదా, లోపలికి వచ్చిన వాళ్లకి వెంటనే ఆవలింతలు మొదలవుతాయి. ఆ రోజు చెన్నై నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్ల సారు బొమ్మల్లో శ్రమ గురించి చెప్తూ మాటమాటకీ ఆవలిస్తున్నాడు. పిల్లలు రాసుకుంటూ ఆవలిస్తున్నారు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. అందుకనే గదికి రెండు బెంచీలు వేసి ఉంచారు.

గుమ్మంలో టికెట్ల బల్ల దగ్గర అల్లావుద్దీన్ గారి చెల్లెలు మెహబూబున్నీసా కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. ఊరందరికీ ఆమె బూబమ్మక్క. సామ్రాజ్యం చెప్పుల చప్పుడు విని తల ఎత్తకుండానే, రెబెక్కమ్మ సంగతి తెలిసిందా అని అడిగింది. తెలిసే వచ్చినా అంది సామ్రాజ్యం. బూబమ్మక్క అడకత్తెర పక్కన పెట్టి, అప్పుడు కాలి కట్టు చూసింది.

బూబమ్మక్కకి బొమ్మ లేదు. అన్న ఎన్నిసార్లు అడిగినా గీయించుకోలేదట. నా అలుపు నువ్వు తీసుకుంటే నేను నిద్ర ఎట్టా పోవాల అందట. అన్నేమో అది దానం అనుకున్నాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా గీశాడు. పెద్దతనంలో గానీ ఆయనకి తెలిసిరాలేదు. బొమ్మ గీయించుకున్న వాళ్లని ఊరు ఎట్లా వాడుకుంటోందో చూసి, కుంచె కింద పెట్టేశాడు. పోయే ముందు చెల్లెల్ని పిలిచి, తలుపు ఏ రోజూ మూయొద్దు, శుక్రవారమైనా సరే, ఎవరి అలుపు వాళ్లు వచ్చి తీసుకుపోవాల అని చెప్పాడు. చదువుకున్న వాళ్లు దీన్ని మ్యూజియం అంటారు గానీ, బూబమ్మక్క లెక్కలో ఇది సైకిల్ స్టాండు. ఎవరి బండి వాళ్లు తీసుకుపోయే దాకా కాపలా ఉండాలి.

ఆమె ముందు నడుస్తూ ఇద్దరినీ లోపలికి తీసుకుపోయింది. మొదటి గదిలో యాసీన్ బొమ్మ. బోటు డ్రైవరు యాసీన్ నాలుగేళ్ల కిందట వచ్చి తన అలుపు తీసుకుపోయాడు. ఆత్రగాడు, మొత్తం ఒక్క పూటలో తీసుకున్నాడు. వేసవిలో వేట ఆపే రోజులంతా కదలకుండా నిద్రపోయాడు. వాళ్ల బేగం బతికున్నాడో లేదో చూసుకోవడానికి ముక్కు కింద అద్దం పెడుతూ కూర్చుందట. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడు, అందరిలాగానే. గోడ మీద అలుపుతో కుంగిపోయిన ఆయన బొమ్మ, ఇప్పుడు మళ్లీ చుక్కాని పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

పక్కన రెబెక్కమ్మ బొమ్మ. గీసినప్పుడు గంప నెత్తిన పెట్టుకుని నిలబడిన మనిషి. ఇప్పుడు గంప ఒక పక్క బోర్లా, ఆమె ఒక పక్క బోర్లా. మనిషి పోయినా బొమ్మ లేవలేదు. తీసుకుపోవాల్సిన మనిషి ఇక రాదు గదా, ఆ అలుపు అట్లాగే ఉండిపోయింది. బూబమ్మక్క ఆ బొమ్మ ముందు ఆగకుండా నడిచింది. ఆండ్రూ మాత్రం ఆగాడు. మొదటిసారి ఆయన సణుగుడు ఆగింది.

సామ్రాజ్యం బొమ్మ చివరి గదిలో ఉంది. పెద్ద గుడ్డ. దాని నిండా పసుపు రంగు, ఎండలో ఇసుక రంగు. చిట్టచివర, కింద మూలలో, నీలం మొహంతో ఒక పిల్ల ముడుచుకుని పడి ఉంది. చెంప నేలకి ఆనించింది. పీటలంతటి పాదాలు ఒకదాని మీద ఒకటి పడేసింది. గీసినప్పుడు ఆ పిల్ల గుడ్డ మధ్యలో నిలబడి, రెండు చేతులా చేపల్ని ఎండకి విసురుతూ ఉండేది. ఏడాదికింత చొప్పున కుంగుతూ కుంగుతూ మూలకి చేరింది. పైన మిగిలిన ఖాళీ పసుపు చాలా గొప్పగా ఉందని పెద్ద పెద్ద పత్రికల్లో రాశారట.

సామ్రాజ్యం ఆ పిల్లని కడుపున పుట్టిన పిల్లని చూసినట్టు చూసింది. "ఇట్టా అయిపోయినావా" అంది.

బూబమ్మక్క కుర్చీ తెచ్చి వేసింది. సామ్రాజ్యం కూర్చోలేదు. అలుపు లేకుండా కూర్చోబుద్ధి కాదంది. అయితే నిలబడే చెప్పమంది బూబమ్మక్క. అన్న ఎట్లా తీసుకున్నాడో అట్లాగే తిరిగి ఇవ్వాలి, వేరే దారి లేదు. బొమ్మ ఎదురుగా నిలబడి చేసిన పనులు చెప్పాలి. చెప్పిన పని అలుపు ఆ పని చేసిన మనిషికి వస్తుంది. ఆమె గొంతు సవరించుకుని, అన్న అడిగిన గొంతుతోనే అడిగింది.

"పొద్దున లేచిన కాడి నుంచి ఏం జేసినావమ్మా?"

పెళ్లయినాక ఆ మాట సామ్రాజ్యాన్ని ఎవరూ అడగలేదు. ఏం చేస్తావని అడిగారు, ఎప్పుడు చేస్తావని అడిగారు. ఏం చేశావని ఎవరూ అడగలేదు.

"లేచినా," అంది. "కాఫీ కలిపినా. పులిహోర జేసినా." ఆగింది. నిన్న ఏం చేశావు అని అడిగింది బూబమ్మక్క. సామ్రాజ్యం కళ్లు చికిలించింది. నిన్న వంట చేసే ఉంటుంది. ఏం వండిందో గుర్తురాలేదు. మొన్నటి క్రిస్మసుకి గాడిపొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడిందో గుర్తులేదు. అత్త మంచాన పడి ఉన్నప్పుడు ఎత్తి స్నానం చేయించిందని తెలుసు, కానీ ఆ బరువు చేతులకి గుర్తులేదు. అలుపు ఉంటేనే గదా పని మనసులో ఉండేది. అలుపు లేకుండా చేసిన పని నీళ్ల మీద ముగ్గు వేసినట్టు ఎప్పటికప్పుడు చెదిరిపోయింది. కొడుకు ఎప్పుడు పుట్టాడో తేదీ చెప్పగలదు. ఎట్లా కన్నదో చెప్పలేకపోయింది.

"నాకేం గుర్తు లేదక్కా," అంది. "ఇన్నేళ్లు నేనేం జేసినానో నాకే తెలీదు."

బూబమ్మక్క తల దించుకుంది. ఇట్లా అయిన వాళ్లు ఇంతకు ముందు కూడా ఉన్నారట. చెప్పలేక ఉత్తచేతులతో తిరిగిపోయారు. యాసీన్‌కైతే వేటల లెక్క రాసిన పుస్తకం ఉందట, చూసి చెప్పుకున్నాడు. రెబెక్కమ్మ కూడా ఒకసారి వచ్చి, చాలాసేపు నిలబడి, బేరాలు పోతాయని వెళ్లిపోయిందట.

గది చల్లగా ఉంది. కాలేజీ పిల్లల ఆవలింతలు పక్క గదిలోంచి వినపడుతున్నాయి. సామ్రాజ్యం కాలి కట్టులోంచి నల్లరాతి నేల మీదకి తడి దిగింది. ఆమె చూసుకోలేదు. ఆండ్రూ చూశాడు. ఆయన ఆ సరికే సామ్రాజ్యం కోసం తెచ్చిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"వాడు పుట్టిన రోజు నాకు తెల్సు," అన్నాడు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"నేను గడప కాడ కూర్చోనుండా. మంత్రసాని బయటికొచ్చి మొగబిడ్డ అని చెప్పింది. కాసేపటికి నువ్వు పిల్లోణ్ణి మా అమ్మ పక్కన పండేసి, లేచొచ్చి నాకు అన్నం పెట్టినావు. చారులో ఉప్పెక్కువైందని నేనన్నా. నువ్వు మళ్లీ కాసినావు."

సామ్రాజ్యం వింటోంది. వింటూ వింటూ చెయ్యి గోడకి ఆనించింది.

ఆండ్రూ చెప్పుకుంటూ పోయాడు. ఆయనకి అన్నీ గుర్తున్నాయి. ఎందుకు గుర్తుండవు, అన్నిటికీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు గదా. పెన్నకి నీళ్లొచ్చి ఇంట్లోకి బురద చేరినప్పుడు ఆయన అరుగు మీద ఉన్నాడు, ఆమె తట్టలతో ఎత్తిపోసింది. ఆయనకి కామెర్లు వచ్చినప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు, ఆమె పత్యం వండి, మందు నూరి, హాస్టలుకి పోయి, వచ్చి, మళ్లీ నూరింది. అత్త చివరి ఏడు, పక్కబట్టలు రోజూ కాలవకి మోసుకుపోయింది. ఆయన గుమ్మంలో నిలబడి, ఆలస్యమవుతోంది, కాఫీ సంగతేందని అరిచాడు. ఒక్కో పనీ చెప్తున్నప్పుడు తనెక్కడ ఉన్నాడో కూడా చెప్పాల్సి వస్తోంది. అది చెప్పకుండా ఆ పని చెప్పడం ఆయనకి చేతకావడం లేదు. మంచం, అరుగు, కుర్చీ, గడప. కాసేపటికి గొంతు తగ్గింది. అయినా ఆపలేదు.

గోడ మీద బొమ్మ చూస్తుండగా కదల్లేదు. అవి ఎప్పుడూ చూస్తుండగా కదలవు. కానీ బూబమ్మక్క ఒకసారి తల తిప్పి మళ్లీ చూసేసరికి నేలకి ఆనిన చెంప కాస్త పైకి లేచింది. ఇంకోసారి చూసేసరికి ఆ పిల్ల మోచేతి మీద లేచి ఉంది.

సామ్రాజ్యానికి అలుపు మొదట వేళ్లలోకి వచ్చింది. తర్వాత మోకాళ్లలోకి, నడుంలోకి. ఆఖరికి మడమలోకి. ఆమె మొహం ఒకసారి ముడుచుకుంది. పెళ్లయిన కొత్తలో పుట్టింటి వాళ్లు గుమ్మంలో కనపడితే ఎట్లా వెలిగేదో, వెంటనే అట్లా వెలిగింది.

"నొప్పిగా ఉండాదయ్యా," అంది. "కాలు నొప్పిగా ఉండాది. కుర్చీ ఇయ్యి."

ఆండ్రూ లేచాడు. ఆమె కూర్చుంది. అలుపొచ్చిన మనిషి ఎట్లా కూర్చుంటుందో అట్లా, బరువంతా వదిలేసి, సంచి ఒక పక్కకి జారిపోతున్నా పట్టుకోకుండా.

ఆండ్రూ ఇంకా చెప్పబోయాడు. హాస్టలు సంగతి అసలు మొదలే పెట్టలేదు. బూబమ్మక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఇయ్యాల్టికి ఇది చాలు, అంతా ఒక్కసారే ఎక్కిస్తే యాసీన్ లాగా అవుతుంది, ఈమె యాసీన్ కన్నా ఎక్కువ చేసింది, గుండె తట్టుకోవాల గదా అంది. కాలు మానాక ఓ పూట, ఆ తర్వాత ఓ పూట, అట్లా వచ్చి తీసుకుపొమ్మంది. బొమ్మ ఎక్కడికీ పోదు, నేనూ పోను అంది. సామ్రాజ్యానికి అవేవీ వినపడలేదు. గడ్డం గుండెల మీదకి వాలిపోయింది. కాలేజీ పిల్లలు ఆ గదిలోకి వచ్చి, ఆమె నిద్ర చెడకుండా మునివేళ్ల మీద బొమ్మ చూసి పోయారు. వాళ్ల సారు ఖాళీ పసుపు గురించి చెప్పబోయి, ఆ పిల్ల మోచేతి మీద లేచి ఖాళీ కాస్త తగ్గడం చూసి, చెప్పాల్సింది మర్చిపోయి ఆవలించాడు.

ఆమె లేచే దాకా ఆండ్రూ బెంచీ మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు. తిన్న గిన్నె ఎవరికివ్వాలో అర్థం కాక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. ఆఖరికి వెనక పంపు దగ్గర తనే కడిగాడు. సరిగ్గా కడగలేదు గానీ, కడిగాడు.

తిరుగు బస్సు బిట్రగుంటలోనే కిక్కిరిసి వచ్చింది. మళ్లీ ఒకటే సీటు. అలవాటు ప్రకారం ఆండ్రూ అందులో కూర్చున్నాడు. సామ్రాజ్యం ఆయన ఎదురుగా నిలబడి, కాసేపు ఆయన్నే చూసి, మెల్లగా చెప్పింది.

"నువ్వు లెయ్యి."

లేచాడు. ఆమె కూర్చుని, కిటికీ ఊచకి తల ఆనించి, మూడో గతుకు దగ్గర నిద్రపోయింది. ఆండ్రూ పై కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె సంచిలో ఫోను మోగింది. అబిగయీలు మేడం. రేపు ఆదివారం, పిల్లల్ని చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారు, బిరియానీ అనుకున్నాం, సామ్రాజ్యాన్ని కాస్త పెందలాడే రమ్మను అని ఆమె ఎప్పటిలాగే గబగబా చెప్పుకుపోయింది. ఇట్లాంటి ఫోన్లకి ఆండ్రూ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది, వస్తుందిలే మేడం అని. అది నోటిదాకా వచ్చింది.

"రాదు మేడం," అన్నాడు. "అలిసిపోయింది."

"ఎవరు?"

"సామ్రాజ్యం, మేడం."

 లైను తెగిందేమోనని ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూసుకున్నాడు. తెగలేదు.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తే సరిపోతుంది. ఆ నెలంతా సామ్రాజ్యం మంచం దిగలేదు, దిగబుద్ధి కాలేదు. ఒళ్లు నొప్పులని మూలిగింది, మూలిగినప్పుడల్లా కాస్త నవ్వింది. మడమ పుండు అంచుల నుంచి గులాబీ రంగుకి తిరిగింది. డాక్టరు వేలితో నొక్కి చూసి, తేల్చేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు. హాస్టల్లో వంటకి ఇద్దర్ని పెట్టుకున్నారు, ఇద్దరూ చాలడం లేదు. కోడలి వాషింగ్ మిషను బాగానే పనిచేస్తోంది. పాస్టరు గారు కృతజ్ఞత కూడికలో ఆమె పేరు దగ్గర కాసేపు తడబడి, ఈమెకి విశ్రాంతి ఇచ్చినందుకు స్తోత్రం అన్నాడు. ఆమేన్ కాస్త ఆలస్యంగా వచ్చింది, టీ ఇంకా ఆలస్యంగా వచ్చింది.

బస్సు మాత్రం ఇంకా కోవూరు దాటలేదు. ఆండ్రూ నడుం లాగుతోంది, కాళ్లు లాగుతున్నాయి. చెప్పుకోవడానికి పక్కన మనిషి లేదు, ఉన్న ఒక్క మనిషీ నిద్రలో ఉంది. ఒక పెద్ద కుదుపుకి సామ్రాజ్యానికి మెలకువ వచ్చింది. కళ్లు పూర్తిగా తెరవకుండానే ఆయన వైపు చూసింది.

"పొద్దున లేచిన కాడి నుంచి నువ్వేం జేసినావు?"

ఆండ్రూ ఆలోచించాడు. లేచాడు. కాఫీ తాగాడు, చల్లారిందన్నాడు. బస్సెక్కాడు. ఒక గిన్నె కడిగాడు. చెప్పుకోదగ్గది ఇంకేదీ తట్టలేదు.

"నువ్వు జేసిందంతా చెప్పినా," అన్నాడు.

సామ్రాజ్యం ఆ జవాబుని కాసేపు నాలిక మీద పెట్టుకుని, ఉప్పు చూసినట్టు చూసింది.

"అదీ పనేలే," అంది. చీర కొంగు దగ్గరికి లాక్కుని, కిటికీ వైపు కాస్త జరిగి, సగం సీటు చూపించింది.